ఛాతీ నీళ్లలో క్రిమి దొరకలేదంటే టీబీ లేనట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ తమ్ముడికి 24 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తున్నాడు. మూడు వారాలుగా సాయంత్రమైతే జ్వరం, కుడివైపు పక్కటెముకల్లో పోటు, మెట్లెక్కితే దమ్ము. నర్సంపేటలో ఇంటికి వచ్చాక ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు కనపడ్డాయి. హన్మకొండలో పల్మనాలజిస్టు సూదితో నీళ్లు తీసి ల్యాబ్‌కి పంపారు. నీళ్లలో ఏడీఏ అనే ఎంజైమ్ 68 వచ్చింది. ఏఎఫ్‌బీ, అంటే స్లైడ్ మీద క్రిమిని వెతికే పరీక్ష, నెగెటివ్. క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షలో "ఎంటీబీ నాట్ డిటెక్టెడ్", అంటే టీబీ క్రిమి దొరకలేదని. అయినా డాక్టరు ఆరు నెలల టీబీ కోర్సు మొదలుపెడదామంటున్నారు. "క్రిమి లేదని రిపోర్టులో రాసుంటే గోలీలెందుకు" అని మీ మేనమామ అడ్డం పడుతున్నారు. ఇంకెవరో "టీబీ గోల్డ్" రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుందన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

నేను వరంగల్‌లో చాలా ఏళ్లు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేశాను. మందు రాసే డాక్టర్ని కాదు, శాంపిల్ చూసి రిపోర్టు ఇచ్చే పక్క నుంచి వచ్చినవాణ్ణి. అందుకే రిపోర్టులో ఆ మాటలకు అర్థమేంటో చెప్పగలను. ముందుగా సూటిగా చెప్తాను. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్లలో క్రిమి దొరకకపోవడం టీబీలో మామూలు విషయం. దొరికితేనే కాస్త అరుదు. మీరు పెట్టిన రిపోర్టులన్నీ కలిపి చూస్తే డాక్టరు చెప్పింది నాకు సబబుగానే ఉంది.

ఎందుకు దొరకదో తెలిస్తే మీ మేనమామకు కూడా చెప్పవచ్చు. ఊపిరితిత్తి మీద ఒక పల్చటి పొర, ఛాతీ గోడ లోపలివైపు ఇంకో పొర ఉంటాయి. రెండూ కలిపి ప్లూరా. ఊపిరితిత్తి అంచున ఉన్న చిన్న టీబీ మచ్చ ఒకటి ఆ పొరల మధ్యలోకి పగులుతుంది. అందులోంచి వచ్చే క్రిములు కొద్దే, కానీ వాటి ప్రొటీన్లకు ఒంట్లోని రోగనిరోధక కణాలు గట్టిగా ఎదురు తిరుగుతాయి. రక్తనాళాలు వదులై ప్రొటీన్‌తో నిండిన నీరు ఊరుతుంది, లింఫోసైట్లు అనే తెల్లకణాలు గుంపులుగా వచ్చి చేరుతాయి. ఆ లీటరు, లీటరున్నర నీళ్లు క్రిములు పెరిగి నింపినవి కావు, క్రిముల మీద మన ఒళ్లు చేసిన యుద్ధంలో ఊరినవి. క్రిములు ఎక్కువగా పొర లోపలే ఉంటాయి, నీళ్లలో చెదురుమదురుగా తేలుతుంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. మైక్రోస్కోపు కింద స్లైడ్‌లో టీబీ క్రిమి కనపడాలంటే ఒక మిల్లీలీటరులో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములు ఉండాలి. సీబీనాట్ మామూలు కార్ట్రిడ్జ్‌కి వంద, నూట యాభై మధ్య ఉంటే చాలు. కల్చర్‌కి, అంటే క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి, ఇంకా తక్కువైనా సరిపోతుంది, 10 నుంచి 100. ప్లూరల్ నీళ్లలో చాలాసార్లు అన్ని కూడా ఉండవు. అందుకే టీబీ వల్లే నీరు చేరిన వాళ్లలో స్లైడ్ పరీక్ష నూటికి పది మందిలో కూడా పాజిటివ్ రాదు. భద్రకాళి చెరువులో ఒక చెంబు ముంచి, చేప పడలేదు కాబట్టి చెరువులో చేపల్లేవంటే ఎట్లుంటుందో, ఆ నెగెటివ్ రిపోర్టును పట్టుకుని టీబీ లేదనడం అట్లుంటుంది.

మరి క్రిమి దొరక్కుండా టీబీ అని ఎట్లా అంటారు? నీళ్ల గుణాన్ని బట్టి. మీరు పంపిన రిపోర్టులో ఎక్కువమంది చదవకుండా వదిలేసే పై భాగం చూడండి. నీళ్లలో ప్రొటీన్ 5.2, రక్తంలో 7.4. ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ నీళ్లలో 480, రక్తంలో 210. షుగర్ 72. మొత్తం కణాలు 2,400, అందులో లింఫోసైట్లు 90 శాతం. మాలిగ్నెంట్, అంటే క్యాన్సర్, కణాలు లేవు.

నీరు చేరిందనగానే మొదట తేల్చాల్సింది అది గుండె, కిడ్నీ, లివర్ లాంటి కారణాలతో ఒత్తిడి వల్ల ఊరిన పల్చటి నీరా, లేక పొరకే జబ్బు చేసి ఊరిన చిక్కటి నీరా అన్నది. 1972లో రిచర్డ్ లైట్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన తోటివాళ్లు దీనికి చెప్పిన కొలతలే ఇవాళ్టికీ వాడుతున్నారు. నీళ్ల ప్రొటీన్‌ని రక్తం ప్రొటీన్‌తో భాగిస్తే 0.5 దాటినా, ఎల్‌డీహెచ్ అట్లాగే భాగిస్తే 0.6 దాటినా, లేదా నీళ్ల ఎల్‌డీహెచ్ రక్తంలో ఉండాల్సిన గరిష్ఠ పరిమితిలో మూడింట రెండు వంతులు దాటినా అది చిక్కటి నీరే, డాక్టర్లు ఎగ్జుడేట్ అంటారు. మీ తమ్ముడికి 5.2ని 7.4తో భాగిస్తే 0.7 వస్తుంది. ఎల్‌డీహెచ్ నిష్పత్తి 2 దాటింది. కాబట్టి ఇది గుండె బలహీనత నీరు కాదు, పొరకే ఏదో అయ్యింది. పైగా ప్రొటీన్ 5 దాటడం టీబీ వైపు మొగ్గు చూపే గుర్తు. ఈ పోలిక చేయాలంటే నీళ్లు తీసిన రోజే రక్తంలోనూ ప్రొటీన్, ఎల్‌డీహెచ్ చూడాలి. చాలా చోట్ల రక్తం పంపడం మర్చిపోతారు, మీ డాక్టరు పంపారు, అది మంచి సంగతి.

తర్వాత కణాలు. ఇక్కడ ల్యాబ్‌లో ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే రిపోర్టు మంచిచెడ్డలు శాంపిల్ ట్యూబు దగ్గరే మొదలవుతాయి. టీబీ నీళ్లు సాధారణంగా ఎండుగడ్డి రంగులో, కొంచెం పచ్చగా, తేటగా ఉంటాయి. వాటిని మామూలు ట్యూబులో పెట్టి వదిలేస్తే అరగంటలోనో గంటలోనో లోపల సన్నటి సాలెగూడు లాంటి జాలు కడుతుంది. ప్రొటీన్ గడ్డకట్టడం వల్ల వచ్చేది. కణాలు ఆ జాలులో చిక్కుకుపోతాయి, కింద నీళ్లలో లెక్కపెడితే తక్కువ వస్తాయి. కాబట్టి కణాల లెక్కకు ఊదా మూత ట్యూబు, అంటే ఈడీటీఏ ఉన్నది, వాడాలి. షుగర్‌కి బూడిదరంగు మూత ట్యూబు, లేకపోతే అందులోని కణాలే చక్కెరను తినేస్తాయి, రిపోర్టులో తక్కువ కనపడుతుంది. ఎవరో ఒకరు ఒకే పెద్ద సిరంజిలో నీళ్లు నింపి, సూదికి మూత పెట్టి, జేబులో వేసుకుని బస్సులో వరంగల్ తెచ్చిన సందర్భాలు నేను చూశాను. అలాంటి శాంపిల్ మీద ఇచ్చిన అంకెలను నమ్మడం కష్టం.

స్లైడ్ మీద రంగు వేసి చూస్తే టీబీ నీళ్లలో చిన్న చిన్న లింఫోసైట్లు బారులు తీరి కనపడతాయి. పొర నుంచి ఊడిపడే మీసోథీలియల్ కణాలు చాలా తక్కువగా, సాధారణంగా 5 శాతం లోపే ఉంటాయి. అవి బాగా కనపడితే టీబీ మీద అనుమానం కొంచెం తగ్గుతుంది. ఇంకో మాట. జబ్బు మొదలైన మొదటి కొద్ది రోజుల్లో నీళ్లు తీస్తే న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలే ఎక్కువ ఉండవచ్చు, అప్పుడు చీము, న్యుమోనియా అనుకునే ప్రమాదం ఉంది. కొన్ని రోజుల తర్వాత మళ్లీ తీస్తే లింఫోసైట్లు పైకి వస్తాయి. మీ తమ్ముడికి మూడు వారాలు దాటాక తీశారు, 90 శాతం లింఫోసైట్లు ఉన్నాయి, ఇందులో గందరగోళం లేదు.

ఇక ఏడీఏ. అడినోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైమ్ ఇది. మన ఒంటి కణాల్లో ఉండేదే, క్రిమిది కాదు. టీబీలో చురుగ్గా ఉండే మోనోసైట్లు, మాక్రోఫేజ్‌ల నుంచి ప్రధానంగా ఏడీఏ-2 అనే రకం వస్తుంది. ఏడీఏ-1 అనే రకం ఒంట్లోని దాదాపు అన్ని కణాల్లో ఉంటుంది. మామూలు ల్యాబ్ రిపోర్టులో రెండూ కలిపి ఇస్తారు. మనలాంటి టీబీ ఎక్కువున్న చోట లీటరుకు 40 యూనిట్లు దాటితే టీబీ అనుమానం బలపడుతుందని చాలామంది ఒప్పుకున్న గీత. కిట్‌ని బట్టి గీత మారుతుంది కాబట్టి ఆ రిపోర్టు పక్కనే రాసిన రిఫరెన్సు అంకె చూడాలి. ఎన్నో అధ్యయనాలు కలిపి చూసిన లెక్కల ప్రకారం, ప్లూరల్ టీబీ ఉన్నవాళ్లలో నూటికి దాదాపు 90 మందికి ఏడీఏ పెరుగుతుంది, టీబీ లేనివాళ్లలో కూడా అంతే నిష్పత్తిలో మామూలుగా ఉంటుంది. కొన్ని వందల రూపాయల్లో అయిపోయే పరీక్షకు ఇది చాలా మంచి పనితనం. నేను దీన్ని గౌరవంగా చూస్తాను. కానీ దీన్ని ఒంటరిగా చూసే డాక్టర్లతో, దీన్ని అసలు లెక్కచేయని వాళ్లతో, ఇద్దరితోనూ నాకు పేచీయే.

ఎందుకంటే ఏడీఏ 68 అనే అంకెకు తనంతట తానుగా అర్థం లేదు. ఎవరి నీళ్లలో వచ్చిందన్నదే ముఖ్యం. మీ తమ్ముడి వయసు, మూడు వారాల జ్వరం, తేట నీరు, లింఫోసైట్లు 90 శాతం, వీటి పక్కన 68 అంటే టీబీ అని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. అదే 68 చీములాంటి నీళ్లలో, న్యూట్రోఫిల్స్ 85 శాతంతో వస్తే, అది న్యుమోనియా తర్వాత పేరుకున్న చీము కావచ్చు, చీములో ఏడీఏ బాగా పెరుగుతుంది. గోదావరిఖనిలో బీడీ తాగే 65 ఏళ్ల పెద్దాయనకు వస్తే, ముందు క్యాన్సర్ తోసిపుచ్చకుండా గోలీలు మొదలుపెట్టకూడదు. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌లో ఏడీఏ పెరుగుతుంది. కీళ్లవాతం ప్లూరాకు పాకినా పెరుగుతుంది. 250 దాటిన అంకె చూస్తే నేనైతే టీబీ కంటే చీము, లింఫోమా వైపే ముందు చూడమంటాను. ఇంకా రక్తం కలిసిన శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలి ఏడీఏ బయటికి వచ్చి అంకెను పైకి నెడుతుంది. పాత పద్ధతిలో ఈ పరీక్ష అమ్మోనియాని కొలుస్తుంది. ల్యాబ్‌లో అమ్మోనియా ఉన్న ద్రావణంతో బల్లలు తుడిచినా రీడింగ్ తప్పుతుంది. ఇవన్నీ చిన్నవే, కానీ 38, 42 లాంటి గీత మీది అంకెల దగ్గర ఇవే అటూఇటూ చేస్తాయి.

ఏడీఏ తక్కువ వచ్చినంత మాత్రాన టీబీ లేదనడానికి కూడా లేదు. మరీ మొదట్లోనే తీసినప్పుడు, ముసలివాళ్లలో, పొగ తాగేవాళ్లలో అది పెరగకపోవచ్చు. అయితే చిన్న వయసువాళ్లలో 20 లోపు వస్తే టీబీ అవకాశం చాలా తగ్గిపోతుంది, అప్పుడు వేరే కారణం వెతకాలి.

మీ తమ్ముడి సీబీనాట్ గురించి. ఈ యంత్రం ఒక కార్ట్రిడ్జ్ లోపల క్రిమిని పగలగొట్టి, దాని ఆర్‌పీఓబీ అనే జన్యువును పెంచి గుర్తిస్తుంది. రెండు గంటల్లో ఫలితం. అదే జన్యువులో మార్పు ఉంటే రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకి క్రిమి లొంగదని కూడా చెప్తుంది. తెమడలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ప్లూరల్ నీళ్లకు వచ్చేసరికి, కల్చర్‌లో పాజిటివ్ వచ్చిన శాంపిళ్లలో కూడా సగం వరకు పట్టలేకపోతుంది. కొత్త అల్ట్రా కార్ట్రిడ్జ్ మెరుగు, అది మిల్లీలీటరుకు పదహారు క్రిములున్నా పట్టుకోగలదని చెప్తారు, అయినా అన్నీ పట్టదు. మన దేశపు మోల్బయో కంపెనీ చేసిన ట్రూనాట్ కూడా అదే కోవలోది, చిన్న ఆసుపత్రుల్లో వాడుకునే వీలున్నది. ఈ యంత్రాల్లో పాజిటివ్ వస్తే కళ్లు మూసుకుని నమ్మొచ్చు, తప్పుడు పాజిటివ్ చాలా అరుదు. నెగెటివ్‌కి ఆ హక్కు లేదు. ఊపిరితిత్తుల బయటి టీబీ మీద 2016లో మన దేశంలో వచ్చిన ఇండెక్స్-టీబీ మార్గదర్శకాలు కూడా ప్లూరల్ టీబీకి ఈ పరీక్ష ఒక్కదాని మీద ఆధారపడవద్దనే అన్నాయి. పరీక్ష చేయించడం మాత్రం మానొద్దు, పాజిటివ్ వస్తే రిఫాంపిసిన్ సంగతి అప్పుడే తెలిసిపోతుంది కదా.

ఇక్కడ నాకు కొంచెం కోపం తెప్పించే విషయం ఒకటుంది. నీళ్లు తీసేటప్పుడు లీటరు తీసి బక్కెట్లో పోసి, ల్యాబ్‌కి మాత్రం 5 మిల్లీలీటర్లు పంపుతారు. కల్చర్‌కి ఎక్కువ నీళ్లు ఇస్తే వాటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరింది పెడతాం, క్రిమి దొరికే అవకాశం పెరుగుతుంది. యాభై మిల్లీలీటర్లు స్టెరైల్ సీసాలో పంపితే ఎవరి సొమ్ము పోదు. మీ తమ్ముడికి మళ్లీ నీళ్లు తీయాల్సి వస్తే ముందే అడగండి.

కల్చర్ పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టకపోతే, గోలీలు మొదలుపెట్టే ముందే పెట్టించండి. ఎంజీఐటీ అనే ద్రవ మాధ్యమంలో ఆరు వారాల దాకా, పాత ఎల్‌జే మాధ్యమంలో ఎనిమిది వారాల దాకా ఉంచి చూస్తారు. ప్లూరల్ నీళ్లలో మూడింట ఒక వంతు మందికే అది పెరుగుతుంది, అంతే. కానీ పెరిగితే ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో తెలుస్తుంది. మీ తమ్ముడు హాస్టల్లో ఉన్నాడన్నారు కదా. గదిలో ఎవరికైనా టీబీ ఉందా, ఉంటే మందులకు లొంగని టీబీనా అన్నది కనుక్కోండి. బంధువుల్లోనూ అడగండి. అలాంటి మనిషితో కలిసి ఉన్నట్టు తేలితే, మామూలు గోలీలు మొదలుపెట్టే ముందే క్రిమిని ఎట్లాగైనా పట్టుకోవాలి. అప్పుడు బయాప్సీ తప్పదు.

బయాప్సీ అంటే భయపడకండి. క్రిములు నీళ్లలో కంటే పొరలోనే ఎక్కువని ముందే చెప్పాను, కాబట్టి పొర ముక్కను చూడటమే అసలు దారి. అబ్రామ్స్ సూదితో పక్కటెముకల మధ్యలోంచి చిన్న ముక్కలు తీస్తారు, మంచి చేయి పడితే నూటికి 80 దాకా టీబీ గడ్డలు, అంటే గ్రాన్యులోమా, దొరుకుతాయి. ఇంకా కచ్చితంగా కావాలంటే థొరాకోస్కోపీ, చిన్న కెమెరా లోపలికి పంపి పొరను కళ్లారా చూసి ముక్క తీయడం. అందులో టీబీ తప్పించుకోవడం చాలా అరుదు. చేసేవాళ్లకు ఒక మాట, ల్యాబ్ నుంచి నిత్యం వచ్చే మొర అనుకోండి. తీసిన ముక్కలన్నీ ఫార్మలిన్ సీసాలో వేయొద్దు. ఫార్మలిన్‌లో పడ్డాక క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్ లేదు. సగం ఫార్మలిన్‌లో పాథాలజీకి, సగం నార్మల్ సెలైన్‌లో మైక్రోబయాలజీకి. ఇదేదో పెద్ద శాస్త్రం కాదు, రెండు సీసాలు ముందే బల్ల మీద పెట్టుకుంటే చాలు, అయినా ఎన్నిసార్లు చెప్పినా ఒకే సీసాతో వచ్చేవాళ్లు తగ్గలేదు.

మీ తమ్ముడికి ఇప్పుడే బయాప్సీ కావాలా అంటే, మందులకు లొంగని టీబీ ఉన్న మనిషితో సంబంధం లేకపోతే, నా ఉద్దేశంలో అక్కర్లేదు. చిన్న వయసు, ఎగ్జుడేట్, లింఫోసైట్లు, ఏడీఏ 68, మనలాంటి ప్రాంతం. ఇన్ని సాక్ష్యాలున్నప్పుడు క్రిమి కోసం వారాలు కూర్చోవడం కంటే గోలీలు వేసుకోవడమే మంచిది. అదే మీ నాన్నగారికి నీరు చేరి ఏడీఏ 25 వచ్చి ఉంటే, నేనే థొరాకోస్కోపీ చేయించమనేవాణ్ణి. పెద్దవాళ్లలో, రక్తంలాంటి నీళ్లు వచ్చినప్పుడు, ఒకసారి తీసినా మళ్లీ మళ్లీ నిండుతున్నప్పుడు, క్యాన్సర్ కణాల పరీక్ష ఒక్కసారి నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఊరుకోకూడదు. నీళ్లలో క్యాన్సర్ కణాలు సుమారు నూటికి 60 మందిలోనే దొరుకుతాయి.

తెమడ పరీక్ష చేయించారా? చాలామంది "వాడికి దగ్గే లేదు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి బాగానే ఉంది, తెమడెందుకు" అంటారు. బ్రెజిల్‌లో చేసిన ఒక అధ్యయనంలో ప్లూరల్ టీబీ ఉన్నవాళ్లకు ఉప్పునీటి ఆవిరి పట్టించి తెమడ తెప్పించి కల్చర్ పెడితే, సగానికి పైగా మందిలో క్రిమి పెరిగింది, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మామూలుగా ఉన్నవాళ్లతో సహా. నీళ్లలో దొరకని క్రిమి తెమడలో దొరకవచ్చు. పైగా ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందా లేదా అన్నది తేలేదీ అక్కడే. ప్లూరాలో మాత్రమే ఉన్న టీబీ అంటుకోవడం తక్కువ, తెమడలో ఉంటే జాగ్రత్త పడాలి. పొద్దున్నే లేవగానే ఒకటి, తర్వాత ఇంకొకటి, రెండు శాంపిళ్లు ఇవ్వండి. లాలాజలం కాదు, లోపలి నుంచి వచ్చిన కళ్లె కావాలి.

"టీబీ గోల్డ్" గురించి ఒక్క మాటలో, వద్దు. ఆ పరీక్ష మీ ఒంట్లోకి టీబీ క్రిమి ఎప్పుడైనా ప్రవేశించిందా అన్నది చెప్తుంది, ఇప్పుడు జబ్బు ఉందా అన్నది కాదు. 2019 నుంచి 2021 దాకా జరిగిన మన జాతీయ సర్వేలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో దాదాపు 31 శాతం మందికి అలాంటి ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి జబ్బు లేదు. కాబట్టి అది పాజిటివ్ వచ్చినా, నెగెటివ్ వచ్చినా మీ తమ్ముడి విషయంలో ఏమీ మారదు, డబ్బులు పోతాయి. చర్మానికి వేసి చూసే మాంటూ సూది కూడా అంతే, పైగా ప్లూరల్ టీబీ మొదట్లో అది నెగెటివ్‌గా ఉండవచ్చు. ఎక్కడైనా రక్తంలో టీబీ యాంటీబాడీ, ఐజీజీ, ఐజీఎం చేస్తామంటే బయటికి వచ్చేయండి. ఆ రకం పరీక్షలను టీబీ నిర్ధారణకు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది, మన కేంద్ర ప్రభుత్వం 2012లో నిషేధించింది.

మీ తమ్ముడు మొదట్లో ఆర్ఎంపీ దగ్గరో, మెడికల్ షాపులోనో జ్వరానికి లీవోఫ్లాక్సాసిన్ కోర్సు వేసుకున్నాడా అని ఒకసారి అడగండి. మన ఊళ్లలో దగ్గు, జ్వరం అనగానే అది ఇచ్చేస్తారు. అది టీబీ క్రిమిని కొంత అణుస్తుంది, పూర్తిగా చంపదు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, కల్చర్ నెగెటివ్ వస్తుంది. వేసుకుని ఉంటే ఆ సంగతి డాక్టరుకూ, ల్యాబ్‌కూ చెప్పాలి.

హెచ్‌ఐవీ, షుగర్ పరీక్షలు టీబీ మొదలయ్యే ప్రతి మనిషికీ చేస్తారు, అనుమానంతో కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల నీళ్లలో క్రిములు ఎక్కువ ఉంటాయి, చికిత్స కూడా మారుతుంది కాబట్టి తెలియాలి.

గోలీలు మొదలయ్యాక జ్వరం రెండు వారాల్లోపు చాలావరకు తగ్గుతుంది, ఆకలి వస్తుంది. నీళ్లు మాత్రం అంత తొందరగా పోవు, ఆరు వారాలు, కొందరిలో మూడు నాలుగు నెలలు కూడా పడుతుంది. మొదటి వారాల్లో నీళ్లు కొంచెం పెరిగినట్టు ఎక్స్‌రేలో కనపడితే మందు పనిచేయడం లేదని మానేయకండి, రోగనిరోధక శక్తి ఎదురు తిరగడం వల్ల అలా అవుతుంది, డాక్టరుకు చూపించండి. మళ్లీ మళ్లీ ఏడీఏ చేయించి తగ్గిందా అని చూడాల్సిన పని లేదు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దు, రిఫాంపిసిన్ వల్ల వస్తుంది. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే గోలీలు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఆరు, ఎనిమిది వారాలైనా జ్వరం తగ్గకుండా బరువు పెరగకుండా ఉంటే, అప్పుడు బయాప్సీ మాట మళ్లీ ఎత్తాలి. రోగ నిర్ధారణే తప్పేమో, లేక క్రిమి మందుకు లొంగడం లేదేమో చూడాల్సి ఉంటుంది.

డబ్బుల సంగతి కూడా రాస్తున్నాను, ఎందుకంటే మీరు ప్రైవేటులో చూపిస్తున్నారు. ప్రైవేటు డాక్టరైనా టీబీ కేసును ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి. నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ నమోదులో మీ తమ్ముడి పేరు ఎక్కితే ప్రభుత్వ మందులు ఉచితంగా వస్తాయి. పోషణ కోసం 2018లో నెలకు 500 రూపాయలు మొదలుపెట్టారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు, బ్యాంకు ఖాతాలో పడతాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి టీబీ విభాగంలో గానీ, మీ దగ్గరి పీహెచ్‌సీలో గానీ అడిగితే ఎట్లా ఎక్కించాలో చెప్తారు. ప్రభుత్వ కార్యక్రమం కింద సీబీనాట్, ట్రూనాట్ ఉచితం. మీరు ఫోన్‌లో అడగాలంటే 1800-11-6666 టీబీ హెల్ప్‌లైన్ ఉంది.

ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే వాళ్లను ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీలో చూపించండి. టీబీ లేదని తేల్చుకున్నాక ముందుజాగ్రత్త మందు ఇస్తారు. హాస్టల్లో గదిలో ఉన్నవాళ్లను కూడా దగ్గు, జ్వరం ఉందేమో అడిగి, తెమడ పరీక్ష చేయించుకోమనండి. ఇక కల్చర్ పెట్టించారా, పెడితే ఏ మాధ్యమంలో, శాంపిల్ నంబరు ఎంత అన్నది రాసుకుని ఉంచండి. ఆరు వారాల తర్వాత మీరే ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగండి, ఆ రిపోర్టు దానంతట అది మీ ఇంటికి రాదు.